కూనూరులో రైలు వెనక్కి ఎందుకు నడుస్తుంది?

తమిళనాడులో నీలగిరి కొండలమీద, సముద్రమట్టానికి సుమారు 1,712 మీటర్ల ఎత్తున కూనూరు అనే చిన్న పట్టణం ఉంది. మెట్టుపాళయం నుంచి ఉదకమండలం, అంటే మనం ఊటీ అని పిలిచే ఊరు, వెళ్ళే చిన్న రైలు ఇక్కడ ఆగి ఇంజను మార్చుకొంటుంది. ఆ తర్వాత ముందుకు సాగడానికి బదులు కొంతదూరం వెనక్కి నడుస్తుంది! అప్పుడుగాని మళ్ళీ కొండ ఎక్కదు. కొత్తగా ఎక్కినవాళ్ళు బండి తిరిగి కిందికి పోతున్నదేమోనని కంగారుపడితే తప్పులేదు.

దీనికి కారణం ఆ స్టేషను చరిత్రలో ఉంది. ఆ చరిత్ర తెలియాలంటే, అసలు రైలు కొండ ఎలా ఎక్కుతుందో ముందు చూడాలి.

ఇంజను చక్రమూ ఉక్కే, పట్టా ఉక్కే. రెంటికీ మధ్య ఉన్న ఘర్షణే బండిని కదిలిస్తుంది. చదునైన నేలమీద ఆ కాస్త ఘర్షణ చాలు. కాని మెట్టుపాళయం దాటి 8 కిలోమీటర్లు వెళ్ళాక, కళ్ళార్ దగ్గర కొండ నిటారుగా లేస్తుంది. అక్కడినుంచి కూనూరు దాకా కొన్నిచోట్ల 12 మీటర్లు నడిస్తే 1 మీటరు ఎత్తు ఎక్కాలి. చిన్న లెక్క వేద్దాం. ఇంజను 50 టన్నులు, పెట్టెలు 60 టన్నులు అనుకోండి. మొత్తం 110 టన్నులు. ఈ వాలులో బండిని కిందికి లాగే బలం అందులో పన్నెండో వంతు, అంటే 9 టన్నుల బరువుకు పైమాటే. పొడి పట్టామీద ఇంజనుకు తన బరువులో సుమారు నాలుగో వంతు పట్టు దొరుకుతుంది. అంటే 12 టన్నులు, సరిపోయేట్టే ఉంది. కాని నీలగిరుల్లో వాన, పొగమంచు మామూలే. తడిసిన పట్టామీద పట్టు పదో వంతుకు పడిపోవచ్చు. అప్పుడు మిగిలేది 5 టన్నులే! చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి.

మన అరకు రైలు కూడా కొండ ఎక్కుతుంది కదా అంటారేమో. ఆ దారిలో వాలు 60 మీటర్లకు 1 మీటరుకు మించదు. పై లెక్కను 60తో చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఎక్కడంకంటే దిగడం ఇంకా ప్రమాదం. బ్రేకు కూడా ఘర్షణమీదనే ఆధారపడుతుంది. ఎక్కేటప్పుడు పట్టు చాలకపోతే బండి ఆగిపోతుంది. దిగేటప్పుడు చాలకపోతే ఆగదు.

ఈ చిక్కుకు విరుగుడు స్విట్జర్లాండులో దొరికింది. అక్కడ కొండరైలు వేసిన రిగెన్‌బాక్ అనే ఇంజనీరు 1882లో నీలగిరులకు వచ్చి చూశాడు. చివరకు ఇక్కడ వాడినది మరో స్విస్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ పద్ధతి. రెండు పట్టాల నడుమ, పళ్ళున్న రెండు ఉక్కు కడ్డీలను పక్కపక్కన బిగించారు. ఇంజను అడుగునున్న పళ్ళచక్రాలు వాటిని కరచుకొని తిరుగుతాయి. ఒక కడ్డీ పన్ను ఉన్నచోట రెండోదానికి సందు ఉంటుంది. కాబట్టి ఏ క్షణంలోనూ పట్టు పూర్తిగా వదలదు. ఇంజనులో నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి; అక్కడ పనిచేసి వచ్చిన ఆవిరే మిగతా రెండింటిలోకి పోయి పళ్ళచక్రాలను తిప్పుతుంది. ఎంత పొదుపో చూశారా! పైగా ఇంజను ముందుండి లాగదు, కిందివైపునుంచి నెడుతుంది. పెట్టెల కొక్కెం తెగినా అవి జారిపోకుండా ఇంజనే అడ్డం నిలుస్తుంది.

ఇక చరిత్ర. ఈ కొండకు రైలు వేయాలన్న ఆలోచన 1854 నాటిది. పని మొదలైంది 1891లో. మధ్యలో కంపెనీ దివాలా తీసింది. 1896లో ఏర్పడిన కొత్త కంపెనీ దాన్ని కొని, 1899 జూన్‌లో కూనూరుదాకా బండి నడిపించింది. అప్పటికి రైలుకు అదే చివరి ఊరు. అందుకని స్టేషనును ఆఖరి స్టేషనుగానే కట్టారు. 

తొమ్మిదేళ్ళకు, 1908లో, రైలు ఊటీ చేరింది. స్టేషను మాత్రం ఉన్నచోటనే ఉంది. నిలిపిన పెట్టెలు దొర్లిపోకుండా ఉండాలంటే స్టేషనుకు చదునైన నేల కావాలి. కొండల్లో అలాంటి చోటు తేలికగా దొరకదు. అందుచేత ఊటీ వెళ్ళే బండి కూనూరులోకి వచ్చి, కొంత వెనక్కి తగ్గి, పై దారి పట్టవలసి వస్తున్నది. 1899 నాటి నక్షా ఈనాటికీ బండిని వెనక్కి నడిపిస్తున్నదన్నమాట.

కూనూరు దాటాక వాలు ఇంచుమించు సగానికి తగ్గుతుంది. పళ్ళకడ్డీ అవసరం లేదు. ఆవిరి ఇంజనును ఇక్కడ విప్పి డీజిల్ ఇంజను తగిలించేది అందుకే. మొత్తం 46 కిలోమీటర్లలో 16 సొరంగాలు, 250 వంతెనలు. ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు! 2005లో యునెస్కో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాత స్విస్ ఇంజన్లు అరిగిపోతూ ఉండగా, తిరుచిరాపల్లిలోని పొన్మలై రైల్వే కర్మాగారంలో అదే తరహావి కొత్తగా తయారుచేశారు.

ఎప్పుడైనా ఆ దారిన వెళ్తే, కూనూరులో ఇంజను మార్చే సమయంలో కిందికి దిగండి. స్టేషనుకు దిగువన పట్టాల నడుమ పళ్ళకడ్డీలు కనిపిస్తాయి. ఊటీవైపు చూస్తే అవి ఉండవు.