రుద్దే చేతికీ ఉంది శాస్త్రం
స్వీడిష్ మర్దనలో అయిదు తీరులు

నాట్లు వేసి వచ్చిన నడుముకు, బస్తాలు మోసిన భుజానికి కాస్త నూనె రాసి రుద్దించుకోవడం పల్లెల్లో ఎరిగినదే. పండగనాటి తలంటు సరేసరి. ఇదే పని ఐరోపాలో ఒక పద్ధతికి వచ్చి ‘స్వీడిష్ మసాజ్’ పేరుతో దేశదేశాలకూ పాకింది.

స్వీడన్‌కు చెందిన పెర్ హెన్రిక్ లింగ్ కత్తిసాము పంతులు. 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ శిక్షణ సంస్థ నెలకొల్పాడు. పేరు ఆయన దేశానిదే కాని, మర్దన తీరులను వేరుచేసి చెప్పిన ఘనత హాలెండ్ వైద్యుడు యోహాన్ మెజ్గర్ (1838-1909)కు దక్కింది. విచిత్రమేమంటే స్వీడన్ వాళ్లు దీన్ని ‘స్వీడిష్’ అనరు, ‘క్లాసిక్ మసాజ్’ అంటారు.

మొదటిది ‘ఎఫ్లూరాజ్’, అంటే నిమరడం. అరచేయి ఒంటికి పూర్తిగా ఆనించి పాదం నుంచి తొడ వైపుకు, వేళ్ల నుంచి భుజం వైపుకు, అంటే గుండె దిక్కుకు ఒత్తుతూ పోవాలి. తిరిగి వచ్చేటప్పుడు చేయి తేలిగ్గా జారాలి. మర్దన మొదలూ చివరా ఇదే. ఒళ్లు వేడెక్కకముందే గట్టిగా పిసికితే కండ బిగుసుకుంటుంది తప్ప వదలదు.

తర్వాత ‘పెట్రిసాజ్’. పూరీల పిండి పిసికినట్టు కండను పైకెత్తి, పిండి, వదలడం. పిక్కలు, తొడలు, భుజాలు దీనికి అనువు. మూడోది ‘ఫ్రిక్షన్’. బొటనవేలు చర్మం మీద జారకూడదు. చర్మంతో సహా కింది కండ మీద చిన్న సున్నాలు చుట్టాలి. నూనె ఎక్కువైతే ఇది సాగదు. మనవాళ్లు గిన్నెడు ఆముదం గుమ్మరిస్తారు, ఇక్కడ చెంచాడు చాలు. ‘టపోట్‌మాఁ’ అంటే మణికట్టు వదులుగా ఉంచి తట్టడం. వెన్నుపూస మీద, మూత్రపిండాలుండే చోట తట్టరాదు. చివరిది ‘వైబ్రేషన్’, చేయి ఆనించి సన్నగా వణికించడం. చూసినంత సులువు కాదు, చేసేవారి చేయే ముందు అలిసిపోతుంది.

అసలు జాగ్రత్త వేరే ఉంది. చెట్టు మీదనుంచి పడి కాలు వాచిందంటే ముందు రుద్దేవారే ఎక్కువ. ఎముక విరిగి ఉంటే ఆ కొసలు కదిలి పక్కనున్న నరాలకు, రక్తనాళాలకు దెబ్బ. జ్వరం ఉన్నప్పుడు, పుండ్ల మీద కూడా మర్దన కూడదు.

కాన్పయినవారికి, ఆపరేషనై మంచాన ఉన్నవారికి ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అస్సలు చేయి వేయరాదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. రుద్దితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదకు తెస్తుంది. బాలింతకు కాళ్లు పట్టే ముసలమ్మకు ముందుగా ఈ మాట చెప్పాలి. రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా కనిపిస్తే నూనె గిన్నె దించి ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.