వార్తల్లో పదం: సాదాబైనామా

మొయినాబాద్ మండలం కనకమామిడి వంటి పల్లెల్లో ఒకప్పుడు పొలం అమ్మకమంటే తెల్లకాగితం, పెద్దమనుషుల సాక్షి సంతకాలు. అదే సాదాబైనామా.

మాట మీద నిలబడ్డ బేరాలే అవి. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం, వంద రూపాయలు, ఆపై విలువున్న భూమి అమ్మకానికి రిజిస్టర్డ్ దస్తావేజు ఉండాల్సిందే. డబ్బంతా ముట్టజెప్పినా, ఏళ్లుగా దున్నుకుంటున్నా తెల్లకాగితంతో యాజమాన్యం మారదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అమ్మకాలకూ అదే గతి అని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

చెమటోడ్చి కొన్న రైతుకు ఇది ఎంత దెబ్బ! పాస్‌పుస్తకంలో పేరు అమ్మినవారిదే.

తెలంగాణ 2025 భూభారతి చట్టం ఇలాంటి కొనుగోళ్ల క్రమబద్ధీకరణకు కొందరికి దారి తెరిచింది: 2014 జూన్ 2కు ముందు కొని, సాగులో ఉండి, 2020లో దరఖాస్తు చేసుకున్న సన్న, చిన్నకారు రైతులకు. విచారణ ఆర్డీవోది.