నూటికి అరవై పాళ్ల నిరంకుశత్వం

82,698 చదరపు మైళ్లు. హైదరాబాద్ సంస్థానం విస్తీర్ణం ఇది. చదరపు మైలుకు 640 ఎకరాల చొప్పున లెక్కేస్తే దాదాపు 5 కోట్ల 29 లక్షల ఎకరాలు. 1941 జనాభా లెక్కల ప్రకారం అందులో బతికింది కోటీ 63 లక్షల మంది. ఇందరికీ చట్టం ఏదంటే ఒక్క మనిషి సంతకం. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువడితే దాని మీద అప్పీలు లేదు, అడిగే అధికారమున్న శాసనసభా లేదు.

ఐరోపా చరిత్రలో నిరంకుశ రాజరికం అనగానే ఫ్రాన్స్ రాజు 14వ లూయీ గుర్తొస్తాడు. 1643 నుంచి 1715 దాకా 72 ఏళ్లు గద్దె మీద ఉన్నాడు. మనకు ఆ పాఠం పరాయి దేశానిది కానక్కర్లేదు. సిద్దిపేట దగ్గరి నారాయణరావుపేటలో ఎనభై దాటిన పెద్దమనిషిని కదిలిస్తే చాలు, దస్త్రం, జమాబందీ, పట్వారీ అన్న మాటలు వాటంతటవే వస్తాయి. సిద్దిపేట అప్పట్లో మెదక్ జిల్లాలో ఒక తాలూకా. హైదరాబాద్‌లో పడిన సంతకం ఆ తాలూకాలోని పొలం గట్టు దాకా ఎలా వచ్చేది, దారిలో ఎంత కరిగిపోయేది అన్నదే ఇక్కడ మన లెక్క.

ముందు ఐరోపా సంగతి. రాజులు ఒక్కసారిగా బలవంతులు కాలేదు, యుద్ధాల ఖర్చు వాళ్లను అటు తోసింది. తుపాకులు, ఫిరంగులు, కోటలు వచ్చాక సామంతుడు పంపే గుర్రపు దండు సరిపోలేదు. ఏడాది పొడవునా జీతం మీద నిలబడే సైన్యం కావాలి. 1690ల నాటికి లూయీ సైన్యం కాగితం మీద 4 లక్షలు దాటింది. దానికి తిండి పెట్టాలంటే పన్ను, ఆ పన్ను ఊరూరా వసూలు కావాలంటే రాజు మాట వినే ఉద్యోగి. ప్రతినిధుల సభను పిలిస్తే పన్నుకు బేరం పెడుతుంది కాబట్టి పిలవడమే మానేశారు. ఫ్రాన్స్‌లో ఎస్టేట్స్ జనరల్ అనే ఆ సభ 1614లో కూడింది. ఆ తర్వాత మళ్లీ కూడింది 1789లో, అంటే 175 ఏళ్లకు.

హైదరాబాద్‌లో ఈ వరస తలకిందులైంది. నిజాంను కాపాడే సైన్యం ఇంగ్లీషు వాళ్లది, ఖర్చు మాత్రం నిజాంది. ఆ ఖర్చు కిందే 1800లో బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలు కుంపిణీ చేతికి పోయాయి. అవే మన దత్త మండలాలు. 1853లో బాకీల కింద బీరార్‌ను అప్పగించాల్సి వచ్చింది. అదే ఏడు 24 ఏళ్ల సాలార్‌జంగ్ దివాన్, అంటే నిజాం ప్రధానమంత్రి, అయ్యాడు. లూయీ ఖజానా సొంత యుద్ధాలకు ఖర్చయింది, నిజాం ఖజానా పరాయి సైన్యం బాకీకి ఖర్చయింది. అయినా ఇద్దరి అవసరం ఒకటే. డబ్బు రావాలి, మధ్యలో మింగేవాడు ఉండకూడదు.

అప్పటిదాకా శిస్తు వసూలు గుత్తకు పోయేది. గుత్తదారు సర్కారుకు ఇంతని కట్టి, రైతు దగ్గర దొరికినంత పిండుకునేవాడు. సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ తెచ్చాడు. రాజ్యాన్ని జిల్లాలుగా కోసి, జిల్లాకు జీతం మీద తాలూక్‌దార్‌ను, తాలూకాకు తహసీల్దార్‌ను పెట్టాడు. సరిగ్గా రెండు వందల ఏళ్ల ముందు, 1665లో, కోల్బెర్ అనే మంత్రి లూయీ ఖజానా పగ్గాలు పట్టాడు. రాజు మనుషులుగా ముప్పై మందికి అటూ ఇటూ ఇంటెండెంట్లు రాష్ట్రాల్లో కూర్చున్నారు. తేదీలు కలవడం కాకతాళీయమే. పని కలవడం మాత్రం కాకతాళీయం కాదు.

ఇంకో పోలిక ఉంది. 1661లో ప్రధానమంత్రి మజారిన్ పోగానే 22 ఏళ్ల లూయీ, ఇక నాకు ప్రధాని అక్కర్లేదు, నేనే చూసుకుంటానన్నాడు. 1914లో దివాన్ మూడో సాలార్‌జంగ్ దిగిపోయాక 28 ఏళ్ల ఉస్మాన్ అలీఖాన్ కూడా దివాన్ లేకుండా తానే రాజ్యం నడిపాడు. 1919లో కార్యనిర్వాహక మండలి వచ్చేదాకా అదే వరస. ఫ్రాన్స్‌లో ఆ పద్ధతి లూయీ చనిపోయేదాకా, 54 ఏళ్లు నిలిచింది. ఇక్కడ ఐదేళ్లు. తేడా లూయీ తెలివిలో లేదు. అతని నెత్తిన వైస్రాయ్ లేడు, అంతే. బీరార్ తిరిగి ఇమ్మని, తాను బ్రిటిష్ ప్రభుత్వానికి సమానుడినని నిజాం వాదిస్తే, వైస్రాయ్ రీడింగ్ 1926 మార్చి 27న జవాబు రాశాడు. హిందూదేశంలో బ్రిటిష్ సార్వభౌమాధికారమే అన్నిటికీ పైదని అందులో మొహమాటం లేకుండా తేల్చేశాడు.

పైన హద్దు అది. కింద హద్దు ఇంకా పెద్దది.

పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో భూమి లెక్క ఇచ్చాడు. మొత్తం 5 కోట్ల 30 లక్షల ఎకరాల్లో దాదాపు 60 శాతం దివానీ, అంటే సర్కారు నేరుగా శిస్తు తీసుకునే నేల. 30 శాతం జాగీర్లు. మిగిలిన 10 శాతం సర్ఫ్-ఎ-ఖాస్, నిజాం సొంత ఖర్చుకు. ఆ పదో వంతు నుంచి ఏటా 2 కోట్ల రూపాయలు, అది చాలక ఖజానా నుంచి మరో 70 లక్షలు నిజాంకు అందేవని ఆయన లెక్క. 1941 జనాభా మీద సర్దితే, చంటిపిల్లతో సహా తలకు రూపాయిన్నర పైచిలుకు.

నాకు ఆసక్తి కలిగించేది ఆ 30 శాతం. జాగీర్ ఊళ్లో శిస్తు జాగీర్దారుది. పెద్ద జాగీర్లకు సొంత పోలీసు, సొంత కచేరీ కూడా ఉండేవి. పాయిగా ప్రభువుల జాగీర్లు, గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలు అయితే సగం రాజ్యాలే. అంటే సర్వాధికారి అని పేరున్న రాజు సర్కారు నేరుగా పన్ను తీసుకున్నది నూటికి అరవై ఎకరాల్లో. ఫ్రాన్స్‌లోనూ ఇదే కథ. ప్రభువర్గానికీ చర్చికీ ప్రధానమైన భూమి పన్ను వర్తించదు. బ్రిటనీ, లాంగ్‌డాక్ లాంటి రాష్ట్రాలు తమ పన్ను ఎంతో రాజుతో బేరమాడుకునేవి. లూయీ వెర్సాయ్ కోటలో అద్దాల మందిరం చూసిన కళ్లకు ఈ సంగతి ఆనదు.

సరే, ఆ అరవైలోనైనా రాజు మాట సాగిందా? దివానీ ఊళ్లో సర్కారు అంటే ముగ్గురు. శిస్తు వసూలుకు మాలీ పటేల్, తగాదాలకు పోలీస్ పటేల్, లెక్కకు పట్వారీ. మూడూ వంశపారంపర్యమే. పట్వారీ దస్త్రం కచేరీలో ఉండదు, అతని ఇంట్లోనే గుడ్డలో మూటగట్టి ఉంటుంది. పహాణీ కాగితం చూసిన వాళ్లకు తెలుస్తుంది. సర్వే నంబరు, ఎకరాలూ గుంటలూ, శిస్తు, పట్టాదారు పేరు, కబ్జాలో ఉన్నవాడి పేరు ఒక్కో గడిలో ఉంటాయి. కబ్జా గడిలో ఈ ఏడు ఒక పేరు, వచ్చే ఏడు ఇంకో పేరు పడితే దున్నేవాడి బతుకు మారిపోయేది. చదువు రాని రైతుకు ఆ గడిలో ఏముందో తెలిసే దారే లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇలాంటి కచేరీల చుట్టూ తిరిగినవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

భూములు పాత శిస్తు వసూలుదారులైన దేశ్‌ముఖుల పేర్ల మీదికి చేరిన దారుల్లో ఇదొకటి. వసూలు గుత్తలు పోయినా వాళ్ల పట్టు పోలేదు. సర్వేలు జరిగినప్పుడు కాగితం ఎవరి చేతిలో ఉందో వాళ్లకు నేల దక్కింది. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు ఉండేవని సుందరయ్యే రాశాడు.

ఫ్రాన్స్‌లో ఉద్యోగాలు ఏకంగా అమ్మకానికే పెట్టారు. 1604 నుంచి ఏటా కొంత రుసుం కడితే పదవిని కొడుక్కు రాసిచ్చేయొచ్చు. 1665లో కోల్బెర్ లెక్క తీయిస్తే అలాంటి పదవులు దాదాపు 46 వేలు తేలాయి. కొనుక్కున్న పదవి సొంత ఆస్తి. దాన్ని ఊడబెరకడం రాజుకైనా కష్టం. ముప్పై మంది ఇంటెండెంట్లు ఒక పక్క, 46 వేల పదవులు మరో పక్క. జీతం మీద వచ్చిన తహసీల్దారు ఒక పక్క, ఊరూరా తరతరాల పట్వారీ మరో పక్క. అంకెలు వేరు, తూకం ఒకటే.

ఇలాంటి రాజ్యానికి జనం ఒకచోట కూడితే భయం. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని నిజాం సర్కారు 53వ నంబరు గస్తీ ఉత్తర్వు జారీ చేసింది. ఆ ఆంక్షల మధ్యే 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. ఫ్రాన్స్ రాజు ఉన్న సభను పిలవకుండా ఊరుకున్నాడు, నిజాం అసలు లేని సభ పుట్టకుండా చూడబోయాడు.

కూలిన వరస కూడా లెక్కకు వస్తుంది. 1789 ఆగస్టు 4 రాత్రి వెర్సాయ్‌లో కూడిన సభ ప్రభువుల హక్కులను, పదవుల అమ్మకాన్ని ఒకే ఊపులో రద్దుకు పెట్టింది. రాజు తల తెగింది ఆ తర్వాత, 1793 జనవరిలో. మనకు ముందు రాజు పోయాడు. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17తో ముగిసింది, ఐదు రోజులు. పదకొండు నెలలకు, 1949 ఆగస్టు 15న, జాగీర్ల రద్దు వచ్చింది. నిజాం రాజ్‌ప్రముఖ్‌గా 1956 దాకా కొనసాగాడు, ఏటా 50 లక్షల రాజభరణం పుచ్చుకుంటూ. దస్త్రం మాత్రం పట్వారీ ఇంట్లోనే ఉంది. పటేల్, పట్వారీ పదవులు రద్దయింది 1984 జనవరిలో, ఎన్టీ రామారావు ప్రభుత్వం చేతుల మీదుగా. రాజు పోయిన 35 ఏళ్లకు పైగా.