చెట్టు కింద అందరికీ చోటు
ప్రకృతితో పిల్లల అనుబంధానికి ఒక్క పూట కార్యశాల

వన మహోత్సవం వచ్చిందంటే మన బడుల్లో మొక్కలు నాటిస్తాం, నినాదాలు రాయిస్తాం, వరుసగా నిలబెట్టి ఫొటో తీయిస్తాం. వారం తిరిగేసరికి ఆ మొక్క బతికిందో లేదో చూసేవాళ్లు ఒకరిద్దరు మిగులుతారు. తప్పు పిల్లలది కాదు. చెట్టు ఆక్సిజన్ ఇస్తుందని చెప్పాం, పరీక్షలో రాయించాం. ఆ చెట్టు పక్కన ఊరికే కూర్చోవడం మాత్రం నేర్పలేదు.

ఆ లోటు తీర్చడానికి ప్రకృతి కార్యశాలలు అనేకచోట్ల జరుగుతున్నాయి. చెట్ల మధ్య నెమ్మదిగా నడవడం, కాసేపు మౌనంగా ఉండడం, తర్వాత గుండ్రంగా కూర్చుని మనసులో మాట చెప్పుకోవడం వీటి పద్ధతి. జపాన్ అటవీ శాఖ 1982లో 'షిన్రిన్ యోకు' పేరుతో ప్రచారం చేసిన అడవి నడక కూడా ఈ కోవలోదే. కొందరు దీన్ని ఆధ్యాత్మిక అనుభవం అంటారు. ఆ మాట వినగానే తల్లిదండ్రులకు ఒక సందేహం వస్తుంది: ఇది ఎవరి ఆధ్యాత్మికత? న్యాయమైన సందేహమే. దానికి మనకు దగ్గరలోనే ఒక జవాబు ఉంది.

మదనపల్లె దగ్గరి పాఠం

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తన కోసం ఏర్పాటైన 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్' అనే అంతర్జాతీయ సంస్థను 1929లో ఆయనే రద్దు చేశారు. సత్యానికి సంఘం, గురువు, తంతు అవసరం లేదన్నది ఆయన వాదన. మదనపల్లెకు సమీపంలో ఆయన ఆలోచనలతో నడుస్తున్న రిషి వ్యాలీ పాఠశాలలో 'అస్తాచల్' అనే అలవాటు ఉంది. సూర్యాస్తమయ వేళ పిల్లలు ఒకచోట చేరి, మాట్లాడకుండా, కొండల మీద వెలుగు తగ్గిపోవడం చూస్తూ కూర్చుంటారు. అక్కడ ఏ మతం పిల్లవాడైనా కూర్చోవచ్చు. ఏ మతమూ లేని పిల్లవాడూ కూర్చోవచ్చు.

కృష్ణమూర్తి జీవితంలో మన బడులకు పనికొచ్చే విషయం ఇంకొకటి ఉంది. 1909లో తండ్రితో మద్రాసు అడయారుకు చేరిన ఆ బాలుడు 1911లో ఇంగ్లండు వెళ్లాడు. తర్వాత తల్లి భాష తెలుగును మరిచిపోయాడని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. ప్రకృతి గురించి అంతగా మాట్లాడిన మనిషికి పుట్టిన ఊరి చెట్లను అమ్మ భాషలో పిలిచే వీలు లేకపోయింది. హోసూరులోనో షోలాపురంలోనో పెరుగుతున్న మన పిల్లలకు అదే జరగకూడదనుకుంటే, ఈ కార్యశాల కేవలం పర్యావరణ కార్యక్రమం కాదు. ఇంటి భాషకు బడి ఆవరణలో ఒక పూట చోటు ఇవ్వడం కూడా.

ఒక్క పూటలో ఏం చేయవచ్చు

దూరప్రయాణం అక్కర్లేదు. బడి ఆవరణలో నాలుగు చెట్లుంటే చాలు. ఇరవై మందికి మించని గుంపు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఇద్దరు ముగ్గురు తాతలో అమ్మమ్మలో ఉంటే మంచిది. ఎండ ముదరకముందే మొదలుపెట్టాలి.

ముందు ఒక ఆట. అమెరికా ప్రకృతి విద్యావేత్త జోసెఫ్ కార్నెల్ 1979 నాటి తన 'షేరింగ్ నేచర్ విత్ చిల్డ్రన్' పుస్తకంలో వివరించిన ఆట ఇది. పిల్లలు జంటలవుతారు. ఒకరి కళ్లకు గుడ్డ కట్టి రెండోవారు ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్తారు. గంతలున్నవారు బెరడు తడిమి, వాసన చూసి, వేళ్ల ఉబ్బు ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటారు. వెనక్కి తెచ్చి గంతలు విప్పాక తన చెట్టు ఏదో తానే కనిపెట్టాలి. అంతవరకు 'ఒక చెట్టు'గా ఉన్నది ఆ ఆట తర్వాత 'నా చెట్టు' అవుతుంది.

తర్వాత శబ్దాల పటం. ప్రతి పిల్లవాడూ కాగితం మధ్యలో తన గుర్తు వేసుకుని, పది నిమిషాలు మౌనంగా కూర్చుని, వినిపించిన చప్పుడునల్లా అది వచ్చిన దిక్కున గుర్తులతో వేస్తాడు. కాకి, ఆకుల గలగల, దూరంగా బస్సు హారన్, అన్నీ పటంలోకి వస్తాయి. బస్సు చప్పుడు వేసినందుకు తప్పు పట్టకూడదు. అదీ మన ఊరే.

చివరి అరగంట గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం. చెప్పాలనుకున్నవారు చెబుతారు, వద్దనుకున్నవారు తల అడ్డంగా ఊపితే చాలు. ఉపాధ్యాయుడు సారాంశం చెప్పకుండా ఉండగలిగితే ఇంకా మంచిది.

అందరూ అంటే ఎవరెవరు?

'అందరికీ' అని రాయడం తేలిక. ఏర్పాట్లలో అది కనిపించాలి. చక్రాల కుర్చీ వెళ్లగలిగే దారిలో ఉన్న చెట్టునే ఎంచుకోవాలి. చూపు లేని పిల్లవాడికి చెట్టును తడిమే ఆటలో సాయం కన్నా పెత్తనం ఇవ్వండి. గంతలు కట్టుకున్న మిగతావాళ్లకు తడిమి తెలుసుకోవడం ఎలాగో చూపగలిగేది వాడే. వినబడని పిల్లకు శబ్దాల పటం బదులు కదలికల పటం: గాలికి ఊగిన కొమ్మ, పాకిన చీమల బారు, జరిగిన నీడ. గంతలంటే బెదిరే పిల్లలు కళ్లు మూసుకుంటే చాలు, అదీ ఇష్టమైతేనే.

నెలసరి రోజుల్లో మొక్కలు ముట్టుకోకూడదని కొన్ని ఇళ్లలో ఆడపిల్లలకు చెబుతారు. కార్యశాలలో అలాంటి నిషేధం ఏదీ లేదని టీచరమ్మ ముందే అందరితో కలిపి చెప్పాలి. ఒక్కరిని పక్కకు పిలిచి చెబితే ఆ పిల్ల సిగ్గుతో ఇంటి దగ్గరే ఆగిపోతుంది.

ఇక మతం సంగతి. రాజ్యాంగంలోని 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు లేదా ఆర్థిక సాయం ఉన్న విద్యాసంస్థలో మైనరు విద్యార్థిని సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకో ఆరాధనకో హాజరు కమ్మని ఒత్తిడి చేయకూడదు. కాబట్టి గుడి రావిచెట్టు కన్నా బడి వేపచెట్టు మేలు. పసుపు కుంకుమలు, మంత్రాలు, స్తోత్రాలు కార్యక్రమంలో ఉండవు. ఎవరిచేతా చెట్టుకు దండం పెట్టించం. తనంతట తాను చేతులు జోడించిన పిల్లను వద్దనీ అనం. మౌనంలో ఎవరి దేవుణ్ని వాళ్లు తలుచుకోవచ్చు, ఎవరినీ తలుచుకోకపోవచ్చు.

పేర్లు తెలిసినవాళ్లు ఇంట్లోనే ఉన్నారు

మన వేపను తమిళంలో వేంబు, కన్నడంలో బేవు అంటారు. మూడూ తోబుట్టువుల్లాంటి మాటలని పిల్లలు తామే కనిపెడతారు. మన చింత మరాఠీలో చించ, ఒడియాలో తెంతుళి. కానుగ కన్నడంలో హొంగె, మరాఠీలో కరంజ. బడిలో ప్రతి చెట్టుకూ తెలుగు లిపిలోనూ రాష్ట్ర భాష లిపిలోనూ పేరు రాసిన పలక పెడితే రెండు భాషలూ ఒకే నీడలో నిలబడతాయి. ఆ పలకను మేకుతో కొట్టకుండా వదులుగా తాడుతో కట్టించండి.

ఊరిని బట్టి పాఠం మారుతుంది. యానాం పిల్లలకు గోదావరి పాయల మడ అడవులున్నాయి. బరంపురం పిల్లలకు రుషికుల్య నది కలిసే తీరంలో గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్లున్నాయి. షోలాపురం దగ్గర నన్నజ్ అభయారణ్యం ఏ పక్షి కోసం ఏర్పడిందో ఆ 'మాళఢోక్' మన తెలుగులో బట్టమేక పిట్ట. ఇవాళ ఆ పక్షి కనబడటమే అపురూపం. పేరైనా పిల్లల నోట మిగలాలి.

ఈ పేర్లన్నీ ఉపాధ్యాయులకే తెలియాలని లేదు. ఏ ఆకు పుండుకు కట్టేవారో, ఏ పిట్ట కూస్తే ఏమనేవారో చెప్పగల పెద్దలు ఇళ్లలో ఉన్నారు. వాళ్లను పిలిచినప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. తరతరాలుగా అక్కడే ఉన్న మన తెలుగులో పొరుగు భాష మాటలు కలిసి ఉంటాయి, యాస వేరుగా ఉంటుంది. "అది పుస్తకాల తెలుగు కాదు" అని పిల్లల ముందు దిద్దితే ఆ అమ్మమ్మ మళ్లీ బడి గడప తొక్కదు, ఆ మనవరాలు మళ్లీ తెలుగులో నోరు విప్పదు. ఆమె చెప్పిన పేరును చెప్పినట్టే పలక మీద రాయండి. పక్కన పుస్తకంలోని పేరూ రాయవచ్చు. మాట్లాడటం వచ్చి రాయడం రాని పిల్లలు బొమ్మ గీస్తారు, పేరు మీరు రాసిపెట్టండి.

తల్లిదండ్రుల అనుమతి పత్రం, తాగునీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె సిద్ధం చేసుకోండి. తేనెపట్టు, పొదల్లో పాముల జాడ ముందురోజే చూసిరండి.

ఒక్క పూటతో ఏ అనుబంధమూ స్థిరపడదు. వారానికి ఒక్కసారి, ప్రార్థన తర్వాత పది నిమిషాలు, ప్రతి పిల్లా తన చెట్టు దగ్గరికి వెళ్లి చిగురో పూతో కాయో ఏం వచ్చిందో చూసి నోటుబుక్కులో తెలుగులో ఒక్క వాక్యం రాస్తే చాలు. ఏడాది తిరిగేసరికి ఆ నోటుబుక్కులో ఒక చెట్టు సంవత్సరమంతా ఉంటుంది. దాన్ని ఆ పిల్ల ఇంట్లో పెద్దలకు చదివి వినిపించగలుగుతుంది.