ఇంట్లో షుగర్ ఉంటే పిల్లలకూ వస్తుందా?



జగ్గయ్యపేటలో అయినా, నందిగామలో అయినా పేరెంట్స్ మీటింగులో మార్కుల మాట అయ్యాక తరచూ వచ్చే ప్రశ్న ఇది: "తాతగారికి షుగర్, మా వారికి షుగర్. బాబుకి కూడా తప్పదా టీచర్?" ముప్పు కొంత ఎక్కువే, కానీ తప్పదని మాత్రం కాదు. ఎందుకో చూద్దాం.

ఒక్క జన్యువు కాదు

సికిల్ సెల్ వంటి జబ్బు ఒకే జన్యువులోని మార్పుతో వస్తుంది. టైప్ 2 షుగర్, బీపీ అలా కాదు. వందల జన్యు తేడాలు తలా కాస్త ముప్పు పెంచుతాయి. తిండి, బరువు, నిద్ర, వ్యాయామం కూడా అందులో భాగమే.

ఎలా కనిపెడతారు?

మన డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. షుగర్ ఉన్న వేలమందినీ, లేని వేలమందినీ తీసుకుని, లక్షల చోట్ల ఆ అక్షరాలను కంప్యూటర్‌తో పోలుస్తారు. ఇక్కడే ఒక చిక్కుంది. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు పది ఇచ్చి, 10 లక్షల మంది గుడ్డిగా టిక్ పెడితే, చదవకుండానే ఒకరికి పదికి పది రావచ్చు. అలాగే లక్షల చోట్ల వెతికితే కాకతాళీయంగా కూడా తేడాలు కనిపిస్తాయి. అందుకే గణాంక పరీక్ష చాలా కఠినంగా పెడతారు. వేరే ప్రజల్లో కూడా అదే ఫలితం వస్తుందా అని చూస్తారు.

టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువుకు షుగర్‌తో సంబంధం ఉందని 2006లో విదేశాల్లో తేలింది. భారతీయుల్లోనూ అది నిజమేనని హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన డా. గిరిరాజ్ చందక్ బృందం 2007లో చూపింది.

మన లెక్కలు మనకు కావాలి

ఇలాంటి అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఐరోపా సంతతి వారిపైనే జరిగాయి. ఆ లెక్కలతో తయారైన "రిస్క్ స్కోర్" మనకు సరిగ్గా సరిపోకపోవచ్చు. ఈ లోటు తీర్చడానికే జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 10,000 మంది భారతీయుల జన్యుక్రమాన్ని చదివారు. ఆ సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. కాబట్టి ప్రకటన చూసి పిల్లలకు జీన్ టెస్ట్ ప్యాకేజీ కొనే ముందు మీ డాక్టరుగారిని అడగండి.

ఈ నెల ఇంట్లో చేయండి

* పిల్లలతో కలిసి మూడు తరాల వంశవృక్షం గీయండి. ఎవరికి ఏ వయసులో షుగర్, బీపీ వచ్చాయో రాయించి, డాక్టరుకు చూపించండి.
* రోజూ గంటసేపు ఆడుకోనివ్వండి.
* స్నాక్స్ డబ్బాలో చిప్స్ బదులు పండో, వేరుశనగపప్పో పెట్టండి.

జన్యువులను మార్చలేం. అలవాట్లు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.