మెథడిస్టు వారసత్వ యాత్రలు: చూపించేదేమిటి, వదిలేసేదేమిటి?

వారసత్వం అన్న మాట వినడానికి చాలా నిరపాయంగా ఉంటుంది. పెద్దలు వదిలిపోయినదాన్ని పిన్నలు వెళ్ళి చూసుకుంటే తప్పేముంది అనిపిస్తుంది. కాని ఏ పెద్దలు వదిలిపోయారు, దాన్ని ఎవరు భద్రపరిచారు, ఎవరికోసం భద్రపరిచారు అని అడగడం మొదలుపెట్టగానే ఆ మాట వెనక ఉన్న తగాదా బయటపడుతుంది. ఆస్తి పంపకంలో వర్గప్రయోజనం ఎంత ఉంటుందో జ్ఞాపకాల పంపకంలోనూ అంతే ఉంటుంది. ఇంగ్లండులో క్రైస్తవ సాహిత్యానికీ, మెథడిస్టు ఉద్యమానికీ సంబంధించిన స్థలాలను చూపించే బృందయాత్రలు ఈ విషయం అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ.

ఈ యాత్రల తీరు దాదాపు ఒకటే. చర్చిసంఘాలో, మతవిద్యాలయాలో, యాత్రాసంస్థలో కొంతమందిని ఒక బస్సులో కూర్చోబెట్టి వారం పదిరోజులు తిప్పుతాయి. లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్‌లో జాన్ వెస్లీ పెరిగిన ఇల్లు. అతను చదువుకున్న ఆక్స్‌ఫర్డు, అక్కడే సి.ఎస్. లూయిస్, టోల్కీన్ మిత్రబృందం కూర్చుని మాట్లాడుకున్న ‘ఈగిల్ అండ్ చైల్డ్’ భవనం. బ్రిస్టల్‌లో ‘న్యూ రూమ్’. జాన్ బన్యన్ జైల్లో మగ్గిన బెడ్‌ఫర్డ్. జాన్ న్యూటన్, కవి విలియం కూపర్ కలిసి కీర్తనలు రాసిన ఓల్నీ. చివరికి లండన్ సిటీ రోడ్డులో వెస్లీ కట్టించిన చాపెల్. ఇవన్నీ చూడదగిన చోట్లే. వెళ్ళడంలో తప్పులేదు. పేచీ అంతా ఆ చోట్లను కలిపే కథతోనే. ఆ కథలో ఒక మహనీయుడు ఉంటాడు, అతని గదీ, కుర్చీ, బైబిలూ ఉంటాయి, అతని మనసు మారిన క్షణం ఉంటుంది. అతని మాట వినడానికి వేలకు వేలుగా వచ్చిన జనం మాత్రం ఉండరు. వాళ్ళెవరు, ఎందుకు వచ్చారు, విన్న తర్వాత ఏం చేశారు అన్న ప్రశ్నలకు బస్సులో చోటు దొరకదు.

బెడ్‌ఫర్డ్: జైలు, విగ్రహం

బన్యన్ 1628లో బెడ్‌ఫర్డ్ పక్కన ఎల్‌స్టో గ్రామంలో పుట్టాడు. బొచ్చెలకు, గిన్నెలకు మాట్లు వేసి బతికే వృత్తి. అంతర్యుద్ధకాలంలో పార్లమెంటు సైన్యంలో పనిచేశాడు. 1660లో రాజరికం తిరిగివచ్చాక, ప్రభుత్వ చర్చి అనుమతి లేకుండా బోధిస్తున్నాడని అతన్ని పట్టుకున్నారు. ఇక బోధించనని మాటిస్తే వదిలేస్తామన్నారు. అతను ఇవ్వలేదు. 1672 దాకా, పన్నెండేళ్ళు జైల్లోనే ఉన్నాడు. పెళ్ళాంబిడ్డల కోసం లోపల కూర్చుని తాళ్ళకు, లేసులకు కొసలు కట్టి అమ్మించాడు. ‘యాత్రికుని ప్రయాణం’ అన్న పేరుతో మన క్రైస్తవ కుటుంబాల్లోనూ చదువుకున్న అతని పుస్తకం 1678లో వచ్చింది.

ఈ పుస్తకాన్ని ఆత్మ పరలోకానికి చేసే ప్రయాణంగా మాత్రమే చదివితే అందులో సగం పోతుంది. మాయల సంతలో యాత్రికుల మీద విచారణ జరిగే ఘట్టం చూడండి. తీర్పు చెప్పే న్యాయమూర్తి ఒక ‘లార్డు’. యాత్రికులు అవమానించారని చెప్పబడిన పెద్దమనుషులందరూ లార్డులూ, ‘సర్’ బిరుదు వాళ్ళూ. వాళ్ళ పేర్లు దురాశ, విలాసం, కామం. తన ఊరి భూస్వామ్య న్యాయాధికారుల ముందు నిలబడ్డ మాట్లవాడు రాసిన విచారణ అది. 18, 19 శతాబ్దాల్లో బైబిలుతోబాటు ఈ ఒక్క పుస్తకమే ఉన్న కూలివాళ్ళ ఇళ్ళు ఎన్నో. ఇంగ్లీషు కార్మికోద్యమానికి పునాది వేసిన రెండు గ్రంథాల్లో, టామ్ పెయిన్ రాసిన ‘మానవ హక్కులు’తో సమానంగా, దీన్ని చరిత్రకారుడు ఇ.పి. థామ్సన్ నిలబెట్టింది అందుకే.

బెడ్‌ఫర్డ్‌లో యాత్రికులు ఫొటోలు తీసుకునే బన్యన్ విగ్రహం 1874లో వెలిసింది. దాన్ని బహూకరించినవాడు బెడ్‌ఫర్డ్ డ్యూకు. బతికుండగా నోరు మూయించాలని చూసిన వర్గమే, రెండు వందల ఏళ్ళు గడిచి ప్రమాదం తీరిపోయాక కంచుపోత పోయించింది. వారసత్వం తయారయ్యే విధానం ఇది.

బ్రిస్టల్: వారానికి ఒక పెన్నీ

1739 ఫిబ్రవరిలో జార్జి వైట్‌ఫీల్డ్ బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికులకు ఆరుబయట బోధించాడు. చర్చి గోడల బయట బోధించడం పాపంతో సమానమనుకునే సంప్రదాయంలో పెరిగిన వెస్లీ మొదట జంకాడు. చివరికి ఏప్రిల్ 2న తనూ బయటికొచ్చాడు. దీన్ని దైవప్రేరణగా చెబుతారు. దానికొక నేల ఉంది. ఇంగ్లండు చర్చి వ్యవస్థ వ్యవసాయ గ్రామాల కోసం ఏర్పడింది. గనుల చుట్టూ, నేతకేంద్రాల చుట్టూ కొత్తగా పెరిగిన జనావాసాలు చాలాచోట్ల దాని లెక్కలో లేవు. చర్చిలో బల్లలకు కూడా హోదాను బట్టి హక్కుదార్లుండేవారు. బొగ్గుమసితో వచ్చే మనిషికి అక్కడ చోటేది? చర్చి అతని దగ్గరికి వెళ్ళలేదు గనక బోధకుడు వెళ్ళవలసి వచ్చింది.

ఆ ఏడే న్యూ రూమ్ కట్టడం మొదలైంది. ప్రపంచంలోకెల్లా పాత మెథడిస్టు భవనమని గైడు చెబుతాడు. దాని అప్పు ఎలా తీరిందన్నది అంతకంటే విలువైన విషయం. 1742లో బ్రిస్టల్ సభ్యులు ఒక ఏర్పాటు చేసుకున్నారు: పన్నెండేసిమంది ఒక జట్టు, జట్టుకొక నాయకుడు, మనిషికి వారానికి ఒక పెన్నీ. ఇచ్చుకోలేనివాళ్ళ వంతు నాయకుడే వేసుకోవాలి. అప్పు తీర్చడానికి పుట్టిన ఈ ‘క్లాసు’ పద్ధతే మెథడిస్టు సంఘానికి వెన్నెముక అయింది. వారం వారం హాజరు, చందా లెక్క, మూడు నెలలకోసారి మార్చే సభ్యత్వపు టికెట్టు, నలుగురిలో నిలబడి తన సంగతి చెప్పుకోవడం – ఇవి అప్పటిదాకా పేదవాడికి ఎవరూ నేర్పని విద్యలు. వెస్లీ 50 సంపుటాల ‘క్రైస్తవ గ్రంథాలయం’ తెచ్చాడు. 1743లోనే బన్యన్ పుస్తకాన్ని సంక్షిప్తం చేసి వేశాడు. చవక పుస్తకాలను తిరుగుడు బోధకుల చేత ఊరూరా అమ్మించాడు. తర్వాతి శతాబ్దంలో చార్టిస్టులు అదే క్లాసును, అదే టికెట్టును, అదే ఆరుబయటి సభను ఓటుహక్కు పోరాటంలోకి తీసుకున్నారు. మతం కోసం నేర్చిన నిర్మాణం మతం దగ్గరే ఆగిపోలేదు.

బ్రిస్టల్ ఆనాడు బానిస వ్యాపారపు ఓడరేవు కూడా. ఆ పట్నంతో అంత సంబంధమున్న వెస్లీ 1774లో బానిసత్వాన్ని ఖండిస్తూ కరపత్రం రాశాడు, 1791లో చావుకు కొద్దిరోజుల ముందు విల్బర్‌ఫోర్స్‌కు ఉత్తరం రాశాడు. అది అతని గౌరవం. ఓల్నీలో చెప్పే న్యూటన్ కథను మాత్రం తేదీలు చూసుకుని వినాలి. 1748లో సముద్రపు తుఫానులో అతని మనసు దేవుడివైపు తిరిగిందంటారు. ఆ తర్వాతే అతను బానిస ఓడలకు కెప్టెన్ అయ్యాడు. 1754లో ఆ పని మానడానికి అనారోగ్యం కారణం. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ పుస్తకం వేసింది 1788లో, అంటే 34 ఏళ్ళ తర్వాత. మధ్యలో అతని ప్రఖ్యాత కీర్తన ‘అమేజింగ్ గ్రేస్’ కూడా పుట్టింది. న్యూటన్ పశ్చాత్తాపం కపటమని కాదు. వ్యక్తి హృదయంలో వచ్చిన మార్పు దానంతటదే సామాజిక నేరాన్ని గుర్తించలేకపోయిందని. గుర్తించడానికి బానిసల తిరుగుబాట్లు, క్వేకర్ల ప్రచారం, 1787లో ఏర్పడిన నిర్మూలన సంఘం, దేశమంతటా సంతకాల ఉద్యమం కావలసి వచ్చాయి. బానిస వ్యాపారి కోల్‌స్టన్‌కు బ్రిస్టల్ 1895లో విగ్రహం పెట్టింది. 2020 జూన్‌లో జనం దాన్ని పడగొట్టి రేవులో పడేశారు. జ్ఞాపకాల తగాదా ముగిసిపోలేదని ఆ పట్నమే రుజువు చేసింది.

మత్తా, మేలుకొలుపా?

ఫ్రాన్సులో వచ్చిన విప్లవం ఇంగ్లండులో ఎందుకు రాలేదు? మెథడిజం అడ్డుపడిందని ఫ్రెంచి చరిత్రకారుడు ఎలీ అలెవీ 1913లో అన్నాడు. థామ్సన్ 1963లో వెలువరించిన ‘ఇంగ్లీషు కార్మికవర్గ నిర్మాణం’లో మెథడిజాన్ని ఇంకా కఠినంగా తూచాడు. ఫ్యాక్టరీ గంటకు లొంగే మనిషిని తయారుచేసిందని, రాజకీయంగా ఓడిపోయినప్పుడు నిరాశలో జనం దానివైపు మళ్ళారని అతని వాదన. అతను బయటివాడు కాడు. బెంగాల్‌లోని బంకురాలో పనిచేసిన వెస్లియన్ మిషనరీ కొడుకు. వెస్లీ 1748లో స్థాపించిన కింగ్స్‌వుడ్ స్కూలులోనే చదివాడు. పిల్లలు తెల్లవారుజామున నాలుగింటికి లేవాలని, ఆటలు కూడదని వెస్లీ నియమం పెట్టింది ఆ బడికే. ఎరిక్ హాబ్స్‌బామ్ వేరే మాట చెప్పాడు: విప్లవాన్ని ఆపేటంత సంఖ్యాబలం మెథడిస్టులకు లేదు, పైగా వాళ్ళు బలంగా ఉన్న చాలా ప్రాంతాల్లోనే ప్రజాపోరాటాలూ బలంగా ఉన్నాయి.

ఈ రెండు వాదనల్లో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయనక్కర్లేదు. నాయకత్వం ఒక దిక్కుకు, అడుగున ఉన్న సభ్యులు మరో దిక్కుకు పోవడం ఇక్కడ కనిపిస్తుంది. వెస్లీ రాజభక్తుడు, 1775లో అమెరికన్ వలసల తిరుగుబాటుకు వ్యతిరేకంగా రాశాడు. 1819లో మాంచెస్టర్ పీటర్‌లూ మైదానంలో గుర్రపుదళం జనాన్ని నరికిన తర్వాత వెస్లియన్ పెద్దలు తప్పుపట్టింది ‘అల్లరి సభల’నే. ఆరుబయటి సభలు నడిపినందుకు హ్యూ బోర్న్ అనే వడ్రంగినీ, విలియం క్లోస్ అనే కుమ్మరి పనివాణ్ణీ సంఘం నుంచి వెలివేశారు. 1807లో మౌ కాప్ కొండమీద వాళ్ళు మొదలుపెట్టిన సభల నుంచే ప్రిమిటివ్ మెథడిస్టు శాఖ పుట్టింది. గనికూలీలు, పొలంకూలీలు అందులో చేరారు. 1872లో వ్యవసాయ కూలీల యూనియన్ పెట్టిన జోసెఫ్ ఆర్చ్ ఆ శాఖ బోధకుడే.

స్త్రీల సంగతీ అంతే. మొదటి దశలో బోధించిన స్త్రీలను 1803లో వెస్లియన్ సమావేశం కట్టడి చేసింది. మెథడిస్టు బోధకురాలైన తన పినతల్లి వరసామె జ్ఞాపకంతో జార్జ్ ఎలియట్ 1859లో ‘ఆడమ్ బీడ్’ నవలలో డైనా పాత్రను సృష్టించింది. సంఘం అణచిన గొంతును నవల నిలబెట్టింది. క్రైస్తవ సాహిత్య వారసత్వమంటే ఇదీ కదా!

బస్సు ఆగని ఊరు

ఈ యాత్రల పట్టికల్లో సాధారణంగా కనిపించని ఊరు డార్సెట్‌లోని టాల్‌పడల్. అక్కడి పొలంకూలీల వారపు కూలి తొమ్మిది షిల్లింగుల నుంచి ఎనిమిదికి, ఏడుకు దిగింది. ఆరు చేస్తామని భూస్వాములు బెదిరించారు. కూలీలు సంఘం పెట్టుకున్నారు. 1834లో ఆరుగురిని పట్టుకుని, చట్టవిరుద్ధంగా ప్రమాణం చేయించారన్న నేరం మోపి, ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష వేసి ఆస్ట్రేలియా పంపారు. నాయకుడు జార్జ్ లవ్‌లెస్ వెస్లియన్ మెథడిస్టు బోధకుడు. జట్టు కట్టడం, చందా వసూలు చేయడం, పదిమందిలో మాట్లాడడం అతను చాపెల్‌లోనే నేర్చాడు. లండన్‌లో పెద్ద ఊరేగింపు జరిగి, దేశవ్యాప్తంగా ఆందోళన చెలరేగి 1836లో క్షమాభిక్ష సాధించింది. న్యూ రూమ్‌లో మొదలైన పెన్నీ లెక్క ఎక్కడికి చేరిందో తెలియాలంటే టాల్‌పడల్ చూడాలి. యాత్ర బ్రిస్టల్‌లో ఆగి అక్కడికి పోకపోవడమంటే కథను సగంలో ఆపడమే.

చివరి మజిలీ సిటీ రోడ్డులోనూ అంతే. 1778లో తెరిచిన చాపెల్, దాని పక్కన వెస్లీ 1791లో కన్నుమూసిన ఇల్లు శుభ్రంగా కాపాడారు. రోడ్డు దాటితే బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానం. ప్రభుత్వ చర్చికి తలవంచని వాళ్ళ నేల అది. బన్యన్, డీఫో, వెస్లీ తల్లి సుసానా, విలియం బ్లేక్ అక్కడే ఉన్నారు. బ్లేక్‌ను పాతిన చోట ఇతరులనూ పాతారు. సరిగ్గా ఆ చోట గుర్తురాయి పడింది 2018లో. ఇటు చాపెల్‌లో 1951లో పెళ్ళి చేసుకున్న ఒక మెథడిస్టు బోధకుడి కూతురు మార్గరెట్ థాచర్. 1984–85లో గనికార్మికుల సమ్మెను అణచిన ప్రధానమంత్రి ఆమే. పొదుపు, శ్రమ, క్రమశిక్షణ అన్న వెస్లీ బోధ నుంచి ఒక దారి లవ్‌లెస్ వైపూ, మరో దారి థాచర్ వైపూ పోయింది. ఏ దారిని వారసత్వమని పిలుస్తామన్నది ఎవరి పక్షాన నిలబడి చూస్తామన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. నిజాం రాజ్యంలోకి వచ్చిన వెస్లియన్ మిషన్ మాల, మాదిగ వాడల్లో వేళ్ళూనింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ నాయకత్వంలో కట్టిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. కరువురోజుల్లో అన్నం కోసం జనం దాని రాళ్ళు మోశారని అందరూ చెప్పుకుంటారు. అక్కడా మనకు గుర్తున్నది దొరపేరే. రాయి మోసిన మనిషి పేరు? అతని బిడ్డకు మిషన్ బడిలో అబ్బిన అక్షరం తర్వాత ఏమైంది? ఎప్‌వర్త్‌లోనూ మెదక్‌లోనూ అడగవలసిన ప్రశ్నలు ఇవే. భవనాలను భక్తితో చూసేవాళ్ళు చూడనివ్వండి. సాహిత్య విద్యార్థి మాత్రం ఆ గోడల మధ్య నిండిన జనాన్ని వెతకాలి. వాళ్ళ చందా పుస్తకాల్లో, కోర్టు కాగితాల్లో, వాళ్ళు అరిగిపోయేదాకా చదివిన చవక ప్రతుల్లో ఆ వారసత్వపు మిగతా సగం ఇంకా ఉంది.