చాపకూడు నుండి ఫ్యామిలీ రెస్టారెంటు దాకా

హాస్టల్ విద్యార్థులమైన మనకు పదిమందితో కలిసి వరుసలో కూర్చుని తినడం కొత్త కాదు. పళ్ళెం, గ్లాసు పట్టుకుని లైనులో నిలబడి, పక్కవాడిది ఏ ఊరో ఏ కులమో అడగకుండానే అన్నం తింటాం. కానీ అదే మనం నరసరావుపేటలోనో, మాచర్లలోనో ఒక ఫ్యామిలీ రెస్టారెంటు ముందుకు వెళితే కాళ్ళు లోపలికి కదలవు. జేబులో డబ్బులున్నా పార్శిల్ కట్టించుకుని గదికి వచ్చేస్తాం. ఈ జంకు ఎక్కడి నుండి వచ్చింది? హోటల్లో మనకున్న హక్కు ఏమిటి? లోపలికి వెళ్ళాక పద్ధతి ఏమిటి? ఈ మూడు సంగతులు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

మన గడ్డ మీద మొదలైన మాట

కలిసి తినడం గురించి పల్నాడుకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. 12వ శతాబ్దంలో మాచర్లను కేంద్రంగా చేసుకున్న బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని పల్నాటి వీరగాథలు చెబుతాయి. అదే చాపకూడు. మాల కులస్థుడైన కన్నమదాసును ఆయన కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడని కూడా చెబుతాయి. కారంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవాల్లో చాపకూడును ఇప్పటికీ తలచుకుంటారు.

అయితే ఉత్సవంలో ఒకపూట పరిచిన చాప, ఊళ్ళో టీ హోటల్ దాకా రాలేదు. తెలుగునాట ఎన్నో గ్రామాల్లో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. మనవాళ్ళకు గ్లాసు వేరు. బల్ల మీద కాదు, బయట నిలబడి తాగాలి. తాగిన గ్లాసు తామే కడిగి పెట్టాలి. డబ్బులు మాత్రం అందరివీ ఒకే గల్లాపెట్టెలో పడేవి. మన తాతలు, నాన్నలు చూసిన ఆ గ్లాసే, ఈనాడు అద్దాల తలుపు ముందు మన కాళ్ళను పట్టుకుని ఆపుతోంది.

చట్టం ఏమంటోంది?

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 15(2) అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, భోజనశాలల పేర్లు ప్రత్యేకంగా చెప్పి, కులం కారణంగా ఎవరినీ అక్కడికి రాకుండా ఆపరాదన్నది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. దుకాణం అంటే ఏమిటని రాజ్యాంగ సభలో ప్రశ్న వచ్చినప్పుడు, అడిగి వచ్చిన వారికి సేవ అందించే ప్రతి చోటూ దుకాణమేనని డాక్టర్ అంబేద్కర్ వివరించారు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షను హోటల్లోకి ప్రవేశాన్నే కాదు, అక్కడి గిన్నెలు, గ్లాసులు వాడుకునే హక్కునూ కాపాడుతుంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ ద్వారా ఇదే విషయం చేరింది. దీనికి ఆరు నెలల నుండి అయిదేళ్ళ దాకా శిక్ష ఉంది. ఎక్కడైనా అవమానం జరిగితే 14566 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

చట్టం ఉంటే చాలదు, వెళ్ళి కూర్చునేవారు కూడా కావాలి. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు నల్లజాతి కాలేజీ విద్యార్థులు, తెల్లవారికి మాత్రమే వడ్డించే భోజనం కౌంటరు దగ్గర కూర్చున్నారు. కాఫీ ఇవ్వకపోయినా లేవలేదు. రోజురోజుకూ వారి వెనక విద్యార్థులు పెరిగారు. ఆ జులైలో అదే కౌంటరులో నల్లజాతి వారికి వడ్డన మొదలైంది. వాళ్ళూ మన వయసు పిల్లలే!

లోపలికి వెళ్ళాక

ఇక పద్ధతి చాలా తేలిక. కొన్ని హోటళ్ళలో ముందు కౌంటరులో డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి. కొన్నిచోట్ల సర్వర్ బల్ల దగ్గరికే వస్తాడు. ఫ్యామిలీ సెక్షన్ అంటే ఆడవాళ్ళు, పిల్లలతో వచ్చినవారు కూర్చునే చోటు. ప్లేట్ మీల్స్‌లో కొలత ప్రకారం పెడతారు. ఫుల్ మీల్స్‌లో పప్పు, వేపుడు, పచ్చడి, చారు, పెరుగు, అన్నం మళ్ళీ మళ్ళీ అడగవచ్చు. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు, ఆ ధరలో అదీ కలిసే ఉంది. ఏ.సి. గదిలో ధర వేరుగా ఉండవచ్చు కనుక ముందే ధరల పట్టిక చూడాలి. మెనూ ఇంగ్లీషులో ఉండి అర్థం కాకపోతే సర్వర్‌ని అడగాలి. తెలియనిది అడిగి తెలుసుకోవడం తప్పు కాదు.

బిల్లు చదివి కట్టాలి. సాధారణ రెస్టారెంట్లలో జి.ఎస్.టి. 5 శాతం. సర్వీసు చార్జి పేరుతో దానంతటదే బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025లో దాన్ని సమర్థించింది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. అలాగే మనకు వడ్డించే సర్వర్ కూడా ఒక పేదింటి బిడ్డేనని మరవకూడదు. 'ఏయ్' అని కాకుండా 'అన్నా' అని పిలుద్దాం.

చివరగా ఒక మాట. స్కాలర్‌షిప్ డబ్బులో, మొదటి జీతమో చేతికి రాగానే అమ్మానాన్నలను ఒక్కసారి హోటల్‌కి తీసుకెళ్ళండి. ఖర్చు దండగ అంటారు, ఇంటి దగ్గర అన్నం ఉందంటారు. నిజానికి వాళ్ళను ఆపేది ఖర్చు ఒక్కటే కాదు, ఆ పాత గ్లాసు కూడా. కూలి పని చేసి వచ్చి అందరికీ వడ్డించిన అమ్మకు, ఒకరు అడిగి అడిగి వడ్డించిన పూటలు ఎన్ని ఉంటాయి? మూలన ఉన్న బల్ల వెతకకండి. నడుమ ఉన్న బల్ల దగ్గర, ఫ్యాను కింద కూర్చోబెట్టండి. ఆ భోజనానికి అయ్యే డబ్బు మన జేబులోది, ఆ కుర్చీ మాత్రం మన పెద్దలు పోరాడి తెచ్చిపెట్టినది.